తెల్లబట్ట కేసు: కల్చర్‌కి పంపేముందు స్లైడు చూస్తున్నామా?

సూక్ష్మ_సూర్యారావుపేట

తెల్లబట్ట అవుతోందనో, దురదగా ఉందనో వచ్చిన మనిషికి స్లిప్పు మీద ‘హెచ్‌వీఎస్ కల్చర్, సెన్సిటివిటీ’ (యోని పైభాగం నుంచి స్వాబ్, అంటే దూది పుల్లతో తీసినదాంట్లో సూక్ష్మజీవుల్ని పెంచి, ఏ మందుకి లొంగుతాయో చూసే పరీక్ష) అని ఒక్క ముక్క రాసి పంపేస్తున్నారు. మూడో రోజున ‘ఈ. కోలై పెరిగింది’ అని బారెడు యాంటీబయాటిక్కుల పట్టీతో రిపోర్టు వెళ్తుంది. అందులో పనిచేస్తుందని ఉన్న మందు ఒకటి వాడిస్తారు. ఈ. కోలై, ఎంటరోకాకస్, క్లెబ్సియెల్లా లాంటివి ఏ జబ్బూ లేని ఆడవాళ్ల యోనిలోనూ ఉంటాయి. వాటి కోసం వేసిన మందు కాపలా కాసే మంచి బ్యాక్టీరియా లాక్టోబాసిల్లైని కూడా చంపేస్తుంది. ఆ సందులో కాండిడా అనే ఫంగస్ పెరిగి దురద రెట్టింపవుతుంది. ఆమె మళ్లీ వస్తుంది, మళ్లీ కల్చర్.

పిల్లలు పుట్టే వయసు వాళ్లలో ఈ బాధకి ముఖ్యమైన కారణాలు మూడు: బ్యాక్టీరియల్ వజైనోసిస్ (బీవీ, అంటే లాక్టోబాసిల్లై తగ్గి వేరే బ్యాక్టీరియా పెరిగిపోవడం), కాండిడా, ట్రైకోమొనాస్ (కలయికతో అంటుకునే ఏకకణ పరాన్నజీవి). మూడింటికీ మొదట కావాల్సినవి పీహెచ్ కాగితం, సెలైన్ చుక్క (వెట్ మౌంట్, అంటే రంగు వేయని తడి స్లైడు), 10 శాతం కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్) చుక్క, ఒక గ్రామ్ స్టెయిన్ (రంగులు వేసి బ్యాక్టీరియా రకాల్ని విడదీసి చూపే స్లైడు). అరగంట పని. బీవీకి కల్చర్ అసలు పరీక్షే కాదు. బీవీలో పెరిగే గార్డ్‌నెరెల్లా అనే బ్యాక్టీరియా ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ పెరుగుతుంది కాబట్టి అది పెరిగిందన్న మాటతో ఏమీ తేలదు.

బెజవాడ, గుంటూరు ల్యాబుల్లో బెంచి మీద పనిచేసేవాళ్లు, శాంపిల్ తీసేవాళ్లు ఇద్దరూ ఇక్కడ ఉన్నారు. ఎక్కడ ఏం తప్పుతోందో, ఎందుకు తప్పుతోందో వివరంగా రాద్దాం.

గైనిక్_అరండల్‌పేట

మంచి పని మొదలుపెట్టారు. శాంపిల్ తీసే దగ్గర నుంచి చెబుతాను, సగం తప్పులు అక్కడే జరుగుతున్నాయి.

స్పెక్యులమ్‌కి, అంటే యోనిని తెరిచి చూసే పరికరానికి, జెల్లీ రాయకూడదు. గోరువెచ్చటి నీళ్లతో తడిపితే చాలు. జెల్లీ పీహెచ్‌ని మారుస్తుంది, స్లైడు మీద పొరలా కమ్ముకుంటుంది. స్వాబ్ యోని పక్క గోడ మీద, పైభాగంలో వెనకవైపు మూల నుంచి తీయాలి. గర్భాశయ ముఖద్వారం జోలికి పోకూడదు. అక్కడి జిగురు పీహెచ్ 7 దరిదాపుల్లో ఉంటుంది. అది అంటుకుంటే ఏ జబ్బూ లేని మనిషికి కూడా కాగితం నీలానికి తిరుగుతుంది. వెనక మూలలో నిలిచిన ద్రవంలో కూడా ఆ జిగురు కలుస్తుంది కాబట్టి పీహెచ్‌కి మాత్రం పక్క గోడే నమ్మకం.

నెలసరి రక్తం, వీర్యం రెండూ పీహెచ్‌ని పెంచుతాయి. అందుకే నెలసరిలో వద్దు, ముందు రెండు రోజులు కలయిక వద్దు. లోపల పెట్టే మాత్రలు, క్రీములు వాడుతుంటే ఆ మాట స్లిప్పు మీద రాయాలి. చాలామంది లోపల సబ్బుతోనో డెట్టాల్ నీళ్లతోనో కడుక్కుని వస్తారు, సిగ్గుపడి చెప్పరు. ‘ఈ రోజు లోపల కడుక్కున్నావా అమ్మా’ అని మెల్లగా మనమే అడగాలి.

వయా పరీక్ష (ఎసిటిక్ యాసిడ్ పూసి గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ కోసం చూసేది) పెట్టే క్యాంపుల్లో ఇంకో తప్పు జరుగుతోంది. ఎసిటిక్ యాసిడ్ పూసిన తర్వాత హెచ్‌వీఎస్ తీస్తున్నారు. ఆ ఆమ్లం తగిలాక పీహెచ్‌కి అర్థం లేదు. స్వాబ్ ముందు, వయా తర్వాత.

స్వాబ్‌లు రెండు తీయండి. ఒకటి వెట్ మౌంట్‌కి, రెండోది గ్రామ్ స్టెయిన్‌కి, అవసరమైతే కల్చర్‌కి. ఒక్కదాంతోనే సెలైన్, కేఓహెచ్, గ్రామ్ అన్నీ లాగితే మూడో స్లైడుకి ఏమీ మిగలదు.

కృష్ణలంక_బెంచి

మేడమ్, ఒక సందేహం. తెనాలి, గుడివాడ వైపు నుంచి స్వాబ్‌లు బస్సులో వస్తాయి. చేతికి అందేసరికి గంటన్నర, రెండు గంటలు అవుతుంది. ఎండాకాలం అయితే దూది ఎండి గట్టిపడి ఉంటుంది. కొన్నిచోట్ల ‘చల్లగా ఉండాలి’ అని ఐస్ డబ్బాలో పెట్టి పంపుతున్నారు. అలాంటిదాంట్లో ట్రైకోమొనాస్ కనపడలేదు అంటే ఆ రిపోర్టుకి విలువ ఉందా?

స్టెయిన్_రాక్

లేదు తమ్ముడూ. వెట్ మౌంట్‌లో ట్రైకోమొనాస్‌ని గుర్తుపట్టేది దాని కదలికని బట్టి. కదలిక ఆగిందంటే అది గుండ్రంగా అయిపోయి పస్ సెల్ (చీములోని తెల్లరక్తకణం) లాగే కనిపిస్తుంది. వెంటనే చూసిన స్లైడులో కూడా సుమారు సగం నుంచి మూడింట రెండొంతుల కేసులే దొరుకుతాయి. గంట ఆలస్యమైతే అందులోనూ 20 శాతం దాకా పోవచ్చు. పది నిమిషాల్లో చూడగలిగితే మేలు. గంట దాటితే రిపోర్టులో ‘ఆలస్యంగా అందింది, ట్రైకోమొనాస్ లేదని చెప్పలేము’ అని రాయాలి. ‘కనపడలేదు’ అని వదిలేస్తే డాక్టరు ‘లేదు’ అని చదువుకుంటారు.

ఐస్ మాత్రం ససేమిరా వద్దు. చలికి ట్రైకోమొనాస్ కదలిక ఆగుతుంది, గోనోరియా తెచ్చే గోనోకాకస్ చచ్చిపోతుంది. దూరం నుంచి రావాల్సిందే అయితే మూతున్న చిన్న ట్యూబులో అర మిల్లీలీటరు సెలైన్ పోసి, స్వాబ్ కొన అందులో మునిగేలా పెట్టి, మామూలు గది వేడిలో పంపమనండి. ఎక్కువ పోస్తే పలచబడిపోతుంది. మే నెలలో బండి డిక్కీలో పెట్టవద్దని కూడా చెప్పండి, అక్కడి వేడికి అవి బతకవు. కల్చర్‌కి వెళ్లే స్వాబ్ ఏమీస్ మీడియంలో (దారిలో సూక్ష్మజీవుల్ని బతికించి ఉంచే పదార్థం) వేరేగా రావాలి. సెలైన్‌లో నానింది కల్చర్‌కి పనికిరాదు.

ఇక స్లైడు సంగతి. శుభ్రమైన స్లైడు మీద సెలైన్ ఒక చుక్క, 0.85 శాతం కానీ 0.9 శాతం కానీ. ఫ్రిజ్‌లో నుంచి తీసిన సీసా అయితే ముందు గది వేడికి రానివ్వండి. స్వాబ్‌ని చుక్కలో మెల్లగా దొర్లించండి, రుద్దితే కణాలు చిరుగుతాయి. చుక్క పాలనీళ్లలా మసకబారితే చాలు, పెరుగులా చిక్కగా ఉంటే ఏదీ విడిగా కనపడదు. కవర్ స్లిప్‌ని ఏటవాలుగా ఒక అంచు ఆనించి దించండి, బుడగలు రావు.

మైక్రోస్కోప్ కండెన్సర్ కిందికి దించి, డయాఫ్రమ్ సగానికి మూయాలి. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. వెలుతురు నిండుగా పెడితే రంగు వేయని జీవి ఆ వెలుగులో కలిసిపోతుంది. ముందు 10ఎక్స్‌లో స్లైడంతా తిప్పండి, ఎక్కడో ఒకచోట పస్ సెల్స్ మధ్య కుదుపు కనిపిస్తుంది. అక్కడ ఆగి 40ఎక్స్‌కి మారండి. పస్ సెల్ అంతో, కాస్త పెద్దదో ఉంటుంది, బేరిపండు ఆకారం. ఈదుకుంటూ సాఫీగా పోదు, గుంజుకుంటున్నట్టు అటూ ఇటూ తిరుగుతూ కదులుతుంది. కాసేపు చూస్తే ముందువైపు కొరడాల్లాంటి తోకలు కొట్టుకోవడం, ఒక పక్క అంచు అలలా ఆడటం తెలుస్తాయి. ఈ కొట్టుకోవడం చూశాకే ‘ఉంది’ అని రాయాలి. ఏసీ గదిలో కదలిక మందగిస్తుంది కాబట్టి అనుమానం ఉంటే స్లైడుని తడి దూది ఉన్న పెట్రీ డిష్‌లో పెట్టి 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో ఐదు నిమిషాలు ఉంచి మళ్లీ చూడండి.

సూక్ష్మ_సూర్యారావుపేట

ఇంకొక్క మాట. పస్ సెల్స్ ఎపిథీలియల్ కణాల (యోని గోడ నుంచి రాలినవి) కంటే ఎక్కువగా ఉండి, ట్రైకోమొనాస్ కానీ ఈస్ట్ (కాండిడా కణాలు) కానీ దొరక్కపోతే అక్కడితో వదలొద్దు. గర్భాశయ ముఖద్వారంలో గోనోరియానో క్లమీడియానో ఉండొచ్చు. హెచ్‌వీఎస్ స్లైడులోనో కల్చర్‌లోనో అవి సరిగ్గా దొరకవు, ముఖద్వారం లోపలి నుంచి వేరే స్వాబ్ కావాలి. ‘పస్ సెల్స్ ఎక్కువ, ఎండోసర్వైకల్ స్వాబ్ పంపగలరు’ అని ఒక వాక్యం రిపోర్టులో చేర్చండి. బీవీ ఒక్కటే ఉంటే పస్ సెల్స్ పెద్దగా ఉండవు. బీవీతో పాటు పస్ కూడా నిండుగా ఉంటే ఇంకోటి కూడా ఉందనుకుని వెతకాలి.

పాథ్_బ్రాడీపేట

కేఓహెచ్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను.

10 గ్రాముల బిళ్లల్ని తూచి, 80 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కొద్దికొద్దిగా వేస్తూ కలపాలి, చల్లారాక 100కి నింపాలి. బిళ్లల మీద నీళ్లు పోయొద్దు, ఒక్కసారిగా వేడెక్కి చిందుతుంది. కళ్లద్దాలు, గ్లవ్స్ తప్పనిసరి. ప్లాస్టిక్ సీసాలో బిగుతుగా మూతపెట్టి ఉంచండి. మూత వదులైతే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని పాడవుతుంది. సీసా మెడ దగ్గర తెల్లటి పొడి పేరుకుందంటే అది పారబోసి కొత్తది చేసుకోవాలి. ఆ స్ఫటికాలే స్లైడులో పడి కంగారు పెడతాయి.

కేఓహెచ్ చుక్క మీద స్వాబ్ తిప్పిన వెంటనే, కవర్ స్లిప్ వేయకముందే వాసన చూడాలి. స్లైడుని ముక్కు దగ్గరికి తీసుకోకుండా పైనుంచి చేత్తో గాలిని ఇటు తోయండి. బీవీ అయితే చేపల నీచు వాసన వస్తుంది. క్షారం తగిలేసరికి అమైన్లు ఆవిరై లేస్తాయి, కొన్ని క్షణాల్లో పోతాయి. ట్రైకోమొనాస్‌లోనూ ఈ వాసన రావచ్చు, కాబట్టి ఇదొక్కటే చూసి బీవీ అనొద్దు.

కవర్ స్లిప్ వేశాక ఐదు నిమిషాలు ఆగండి. ఎపిథీలియల్ కణాలు, పస్ సెల్స్ కరిగి నీడల్లా మిగులుతాయి. ఫంగస్ గోడ కరగదు కాబట్టి మొగ్గ తొడిగిన ఈస్టు, గొలుసులా సాగిన సూడోహైఫే తేటగా పైకి తేలతాయి. తీగలు లేకుండా చిన్న చిన్న ఈస్టులే ఉంటే కాండిడాలోనే గ్లాబ్రాటా అనే జాతి అయ్యే అవకాశం ఉంది, అది సూడోహైఫే వేయదు. స్లైడులో ఈస్ట్ లేనంత మాత్రాన కాండిడా లేదనడానికి లేదు, వెట్ మౌంట్ సుమారు సగం కేసుల్ని వదిలేస్తుంది. పీహెచ్ మామూలుగా ఉండి, దురద, పెరుగు విరిగినట్టున్న స్రావం ఉండి, స్లైడులో ఏమీ లేకపోతే అప్పుడు ఫంగల్ కల్చర్ అడగడం న్యాయం.

మోసపోయేవి రెండు. దూది పోగు సూడోహైఫే లాగే ఉంటుంది, కానీ లోపల గదులుండవు, మొగ్గలుండవు, అంచులు మెలితిరిగి ఉంటాయి. గ్లవ్స్ పౌడరులోని పిండి రేణువు ఈస్టులా ఉంటుంది, పక్క నుంచి అయోడిన్ చుక్క వదిలితే నల్లటి నీలంగా మారుతుంది.

కేఓహెచ్ స్లైడు చూశాక ఆబ్జెక్టివ్ తుడవడం మరిచిపోకండి. అది లెన్సు పూతని తినేస్తుంది.

కృష్ణలంక_బెంచి

బీవీని పట్టించే క్లూ సెల్స్ దగ్గర నాకు తేడా వస్తోంది సార్. ప్రతి స్లైడులోనూ ఎపిథీలియల్ కణాల మీద ఏవో చుక్కలు ఉంటాయి. ఎంతవరకు ఉంటే క్లూ సెల్ అనాలి? అవి 20 శాతం దాటాలంటారు, అది ఎలా లెక్క?

స్టెయిన్_రాక్

కణం మధ్యలో చుక్కలున్నా పట్టించుకోకు, అంచు చూడు. మామూలు ఎపిథీలియల్ కణం అంచు కత్తిరించిన కాగితంలా గీతగా ఉంటుంది. క్లూ సెల్‌కి ఆ గీత పోతుంది. సన్నటి కోకోబాసిల్లై (పొట్టి కర్రల్లాంటి బ్యాక్టీరియా) గుంపులుగా అతుక్కుని, అంచంతా ఇసుక అద్దినట్టు గరుగ్గా, మసకగా అవుతుంది. లాక్టోబాసిల్లై కూడా కొన్నిసార్లు అతుక్కుంటాయి, అవి పొడుగు కర్రలు, కణం మీద అడ్డదిడ్డంగా పడి ఉంటాయి, అంచు చెరగదు.

లెక్కకి 40ఎక్స్‌లో వేర్వేరు చోట్ల వంద ఎపిథీలియల్ కణాలు చూసి అందులో క్లూ సెల్స్ ఎన్నో రాసుకో. 20 దాటితే లెక్కలోకి వస్తుంది. రెండు మూడు కనిపిస్తే బీవీ కాదు.

బీవీ తేల్చే 1983 నాటి ఆమ్సెల్ పద్ధతిలో నాలుగు లక్షణాలు చూస్తారు: పలచగా బూడిద రంగులో గోడలకి సమంగా పరుచుకున్న స్రావం, 4.5 దాటిన పీహెచ్, నీచు వాసన, 20 శాతం దాటిన క్లూ సెల్స్. నాలుగింట్లో మూడు ఉండాలి. మొదటిది చూసేది శాంపిల్ తీసేవాళ్లే, పీహెచ్ కూడా వాళ్ల దగ్గరే చూడటం మేలు. స్లిప్పు మీద ఆ రెండూ రాసి రాకపోతే ల్యాబు ఆమ్సెల్ పూర్తి చేయలేదు.

నాణ్యత_బెంచి

పీహెచ్ కాగితం గురించి. 1 నుంచి 14 దాకా ఉండే మామూలు పట్టీలు ఈ పనికి రావు. వాటిలో 4కీ 5కీ మధ్య రంగు తేడా కంటికి ఆనదు. మనకి తేలాల్సింది సరిగ్గా 4.5 అటా ఇటా అన్నదే కాబట్టి, 3.8 నుంచి 5.4 దాకానో, 4 నుంచి 7 దాకానో సన్న విరామాలతో ఉన్నవి అడిగి తెప్పించండి. కాగితాన్ని నేరుగా స్రావానికి తాకించాలి. సెలైన్‌లో ముంచిన స్వాబ్‌ని రుద్దితే సెలైన్ పీహెచ్ కూడా కలిసి వస్తుంది. తడి ఆరకముందే రంగు పోల్చండి.

బెజవాడ, గుంటూరు ఉక్కకి పట్టీల డబ్బా మూత తెరిచి ఉంచితే నెల తిరగకుండా పాడవుతుంది. సిలికా జెల్ పొట్లంతో బిగుతుగా మూసి ఉంచి, వారానికోసారి పీహెచ్ 4 బఫర్‌తో సరిచూసుకోండి.

ఒక హెచ్చరిక. పీహెచ్ 4.5 లోపు ఉంటే బీవీ, ట్రైకోమొనాస్ అవకాశం తగ్గుతుంది, కాండిడా మాత్రం ఆ పీహెచ్‌లోనే హాయిగా ఉంటుంది. ‘పీహెచ్ నార్మల్, ఇన్ఫెక్షన్ లేదు’ అని రాసిన రిపోర్టులు కొన్ని చర్చకి వచ్చాయి. అలా రాయకూడదు.

సూక్ష్మ_సూర్యారావుపేట

గ్రామ్ స్టెయిన్‌కి వద్దాం. ఆలస్యంగా వచ్చిన శాంపిల్‌కి కూడా బీవీ నమ్మకంగా తేల్చేది ఇదే. శాంపిల్ తీసినచోటే స్లైడు మీద దొర్లించి, గాలికి ఆరబెట్టి, కాగితంలో చుట్టి పంపినా చెడదు. బస్సులో వచ్చేవాళ్లందరికీ నేను చెప్పే దారి ఇదే: స్వాబ్‌తో పాటు ఆరిన స్లైడు ఒకటి పంపండి.

మంట మీద కాల్చి ఫిక్స్ చేయడం కంటే మిథనాల్ పోసి రెండు నిమిషాలు ఉంచడం మేలు, కణాలు ముడుచుకోవు. క్రిస్టల్ వయొలెట్ ఒక నిమిషం, కడిగి అయోడిన్ ఒక నిమిషం, కడిగి డీకలరైజర్ (రంగు దించే ద్రావకం), వెంటనే నీళ్లు, చివర సాఫ్రనిన్ అర నిమిషం నుంచి నిమిషం. మొత్తం తప్పు జరిగేది డీకలరైజర్ దగ్గరే. అసిటోన్ కలిసినదైతే రెండు మూడు సెకన్లు, ఉత్త ఆల్కహాల్ అయితే పది ఇరవై సెకన్లు. ఊదారంగు కారడం ఆగగానే నీళ్లు కొట్టాలి. ఒక్క క్షణం ఎక్కువైతే లాక్టోబాసిల్లై రంగు కోల్పోయి ఎర్రగా కనిపిస్తాయి. స్లైడు చూసి బీవీ స్కోరు వేసేవాళ్లు లాక్టోబాసిల్లై లేవు, గ్రామ్ నెగెటివ్ కర్రలున్నాయి అని లెక్కేస్తారు. బీవీ లేని మనిషికి బీవీ అంటగట్టినట్టే. దానికి విరుగుడు స్లైడులోనే ఉంది. పస్ సెల్స్ న్యూక్లియస్ ఎర్రగా ఉండాలి. ఊదాగా ఉంటే డీకలరైజ్ చాల్లేదు. అది సరిపోయాక ఎక్కువైందేమో చూడటానికి ప్రతి బ్యాచ్‌తో స్టాఫిలోకాకస్, ఈ. కోలై కలిపిన కంట్రోల్ స్లైడు నడపండి.

ఆ స్కోరు 1991లో నుజెంట్, ఆయన సహచరులు ఇచ్చిన పద్ధతి. ఆయిల్ వేసి 100ఎక్స్‌లో పది నుంచి ఇరవై ఫీల్డులు చూసి సగటు తీస్తారు. లావుపాటి ఊదా కర్రలు, అంటే లాక్టోబాసిల్లై, ఫీల్డుకి 30 దాటితే 0, 5 నుంచి 30 అయితే 1, 1 నుంచి 4 అయితే 2, ఒకటి కన్నా తక్కువైతే 3, అసలు లేకపోతే 4. ఇది తలకిందుల లెక్క, లాక్టోబాసిల్లై తగ్గేకొద్దీ పాయింట్లు పెరుగుతాయి. గార్డ్‌నెరెల్లా, బాక్టీరాయిడిస్ లాంటి చిన్న కర్రలకి నేరు లెక్క: లేకపోతే 0, ఒకటి లోపు 1, 1 నుంచి 4 దాకా 2, 5 నుంచి 30 దాకా 3, ఆపైన 4. వంకర కర్రలు, మొబిలుంకస్, లేకపోతే 0, ఫీల్డుకి 4 దాకా ఉంటే 1, 5 లేదా ఆపైన ఉంటే 2. మూడూ కూడితే 0 నుంచి 3 మామూలు, 4 నుంచి 6 మధ్యస్థం, 7 నుంచి 10 బీవీ.

ఒక స్లైడు అనుకుందాం. లాక్టోబాసిల్లై నాలుగైదు ఫీల్డులకి ఒకటి, చిన్న కర్రలు ప్రతి ఫీల్డులో కిక్కిరిసి 30 పైనే, వంకర కర్రలు లేవు. 3, 4, 0. మొత్తం 7, బీవీ. అదే లాక్టోబాసిల్లై ఫీల్డుకి మూడు, చిన్న కర్రలు నాలుగు అయితే 2, 2, మొత్తం 4, మధ్యస్థం. మధ్యస్థాన్ని బీవీ అని రాయకండి, ఉన్నదున్నట్టు ‘మధ్యస్థం’ అనే రాయండి. లక్షణాలు చూసి నిర్ణయించేది డాక్టరు.

పాథ్_బ్రాడీపేట

నుజెంట్ మొత్తం స్కోరుతో పాటు మూడు విడి అంకెలు కూడా రిపోర్టులో ఇవ్వాలంటాను. 4 అంటే ఎక్కడి నుంచి వచ్చిందో డాక్టరుకి తెలియాలి. మెనోపాజ్ దాటిన మనిషిలో లాక్టోబాసిల్లై పూర్తిగా లేకపోవడం వల్లే 4 వస్తుంది, మిగతావి సున్నా. అది బీవీ వైపు జరగడం కాదు, ఈస్ట్రోజన్ తగ్గి గ్లైకోజన్ లేక లాక్టోబాసిల్లై నిలబడలేదు, అంతే. ఆ స్లైడులో గుండ్రటి చిన్న పారాబేసల్ కణాలు (యోని గోడ లోపలి పొరలవి) కనిపిస్తాయి, పీహెచ్ 5 పైనే ఉంటుంది. అలాంటివాళ్లకి పీహెచ్ ఎక్కువ ఉందని బీవీ మందు మెట్రొనిడజోల్ ఇస్తే మంట తగ్గదు. వయసు రాయని స్లిప్పుని వెనక్కి పంపినా తప్పులేదు.

పారాబేసల్ కణాలు కాన్పు వయసులోనే కనిపించి, పస్ సెల్స్ నిండుగా, గొలుసు కోకై ఎక్కువగా, పీహెచ్ 6 దాటి ఉంటే అది ఏరోబిక్ వజైనైటిస్ (వేరే రకం బ్యాక్టీరియాతో వచ్చే యోని వాపు) వైపు. దానికీ బీవీకీ వైద్యం వేరు.

పీహెచ్‌సీ_స్టాఫ్‌నర్స్

మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మైక్రోస్కోప్ ఉన్నా టెక్నీషియన్ రోజూ ఉండరండి. తెల్లబట్ట అంటే మందుల ఆకుపచ్చ కిట్ ఇచ్చేస్తాం. గర్భిణికి కూడా ఇవ్వొచ్చా?

గైనిక్_అరండల్‌పేట

ఇవ్వకూడదమ్మా. ఆకుపచ్చ కిట్‌లో సెక్నిడజోల్ 2 గ్రాములు, ఫ్లుకొనజోల్ 150 మిల్లీగ్రాములు ఉంటాయి. గర్భిణికి నోటి ద్వారా ఫ్లుకొనజోల్ వద్దు, కాండిడా అయితే క్లోట్రిమజోల్ లోపల పెట్టేది ఏడు రోజులు. అలాంటివాళ్లని డాక్టరు దగ్గరికి పంపండి. పొత్తికడుపు నొప్పి, జ్వరం కూడా ఉంటే ఆకుపచ్చతో సరిపెట్టొద్దు, అది గర్భాశయం, ట్యూబుల దాకా పాకిన ఇన్ఫెక్షన్ కావచ్చు, వెంటనే పంపాలి. జిల్లా ఆసుపత్రుల్లో, మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్‌లు (సుఖవ్యాధులకి చూసేవి) ఉంటాయి. వెళ్లడానికి మొహమాటపడితే అక్కడ ఎవరూ తప్పుపట్టరని మీరే ధైర్యం చెప్పండి.

టెక్నీషియన్ లేని రోజు కూడా పీహెచ్ కాగితం మీరు పెట్టొచ్చు. స్రావం రంగు, పీహెచ్ రెండూ ఓపీ చీటీ మీద రాసి పంపండి. ట్రైకోమొనాస్ తేలితే భర్తకి కూడా మందు పడాలి, లేకపోతే మళ్లీ అంటుకుంటుంది.

కృష్ణలంక_బెంచి

అయితే కల్చర్ ఎప్పుడు పెట్టాలి? అసలు వద్దంటే డాక్టర్లు ఒప్పుకోరు.

సూక్ష్మ_సూర్యారావుపేట

అసలు వద్దని కాదు, ఏ ప్రశ్నకి కల్చరో తెలిసి పెట్టాలి. ఏడాదిలో మూడు, అంతకంటే ఎక్కువ సార్లు కాండిడా తిరగబెట్టినా, ఫ్లుకొనజోల్ వాడినా తగ్గకపోయినా సాబురాడ్ డెక్స్‌ట్రోజ్ అగార్ (ఫంగస్‌ని పెంచే మీడియం) మీద వేసి జాతి తేల్చాలి. క్రూసీ జాతికి ఫ్లుకొనజోల్ పుట్టుకతోనే పనిచేయదు, గ్లాబ్రాటాకి తరచుగా లొంగదు. క్రోమ్ అగార్ (జాతిని రంగుతో చూపే మీడియం) ఉంటే అల్బికన్స్ ఆకుపచ్చగా, ట్రాపికాలిస్ నీలంగా, క్రూసీ గులాబీ రంగులో గరుగ్గా వస్తాయి. అది లేకపోతే జెర్మ్ ట్యూబ్ పరీక్ష పెట్టండి. అర మిల్లీలీటరు సీరంలో కాలనీని కొనతో లేశమాత్రం కలిపి 37 డిగ్రీల్లో రెండు గంటల నుంచి మూడు గంటల దాకా ఉంచి చూడాలి. ఈస్టు నుంచి మొదట్లో నొక్కు లేకుండా నేరుగా సాగిన గొట్టం ఉంటే అల్బికన్స్. కాలనీ ఎక్కువ కలిపితే గొట్టాలు రావు, మూడు గంటలు దాటిస్తే ట్రాపికాలిస్ కూడా అలాంటిదే వేసి మోసం చేస్తుంది.

గోనోరియా అనుమానం ఉంటే ఎండోసర్వైకల్ స్వాబ్, దూది కాకుండా డాక్రాన్‌ది, థేయర్ మార్టిన్ మీడియం మీద, క్యాండిల్ జార్‌లో (కొవ్వొత్తి వెలిగించి మూసిన జాడీ). నెలలు నిండుతున్న గర్భిణికి గ్రూప్ బి స్ట్రెప్ (కాన్పులో బిడ్డకి అంటే బ్యాక్టీరియా) చూడాలంటే యోని కింది భాగం, మలద్వారం నుంచి స్వాబ్, అది హెచ్‌వీఎస్ కాదు. చిన్నపిల్లలు, కాన్పు తర్వాత జ్వరం కేసులు వేరు, వాటికి కల్చర్ కావాలి. చిన్నపిల్లలో గోనోకాకస్ కానీ ట్రైకోమొనాస్ కానీ కనిపిస్తే రిపోర్టు మామూలుగా కౌంటర్‌లో ఇచ్చి పంపకుండా డాక్టరుకి నేరుగా ఫోన్ చేయండి.

మిగతా కేసుల్లో ఈ. కోలై, ఎంటరోకాకస్ పెరిగితే సెన్సిటివిటీ పట్టీ పెట్టకుండా ‘యోనిలో సాధారణంగా ఉండే సూక్ష్మజీవులు’ అని రాయడానికి మైక్రోబయాలజిస్టుకి అధికారం ఉంది. పట్టీ పెడితే మందు పడుతుంది.

నాణ్యత_బెంచి

దీంతో నేను పూర్తిగా ఏకీభవించలేను. పట్టీ లేకుండా ఇస్తే ‘ల్యాబు సగం పని చేసింది’ అని నర్సింగ్ హోమ్ వాళ్లు తర్వాతి శాంపిల్ ఇంకో ల్యాబుకి పంపుతారు. అక్కడ పట్టీ వస్తుంది, ఆమెకి మందు ఎలాగూ పడుతుంది. ఐసొలేట్‌ని, అంటే పెరిగిన సూక్ష్మజీవిని, వారం ఉంచుకుని, డాక్టరు అడిగితే సెన్సిటివిటీ చేసిస్తామని రిపోర్టు కింద ఒక గీత రాయడం నయం.

సూక్ష్మ_సూర్యారావుపేట

అది బాగుంది. అలాగే చేయొచ్చు. ఐసొలేట్ ఉంచుకోవడానికి ఖర్చు కూడా లేదు.

పాథ్_బ్రాడీపేట

పీసీఆర్ ప్యానెళ్ల (సూక్ష్మజీవుల జన్యుపదార్థాన్ని వెతికే పరీక్షలు) గురించి కూడా రెండు ముక్కలు. ట్రైకోమొనాస్, క్లమీడియా, గోనోరియాకి అవి వెట్ మౌంట్, కల్చర్ల కంటే ఎన్నో రెట్లు మేలు, అందుబాటులో ఉంటే వాడండి. కానీ అదే ప్యానెల్‌లో గార్డ్‌నెరెల్లా, యూరియాప్లాస్మా పార్వమ్ పాజిటివ్ అని రెండు వరుసలు వస్తాయి. అవి మామూలుగా ఉండే జీవులు కూడా. లక్షణాలు లేని మనిషికి ఆ వరుస చూసి మందు ఇవ్వడం ఈ. కోలై కల్చర్ కథే.

కృష్ణలంక_బెంచి

రిపోర్టు ఎలా రాయాలో ఒక నమూనా పెట్టండి సార్. రేపటి నుంచి మా బెంచి దగ్గర అంటిస్తాను.

స్టెయిన్_రాక్

ఇలా రాసుకో:

‘శాంపిల్: యోని పక్క గోడ స్వాబ్, తీసిన సమయం 10.20, అందిన సమయం 10.35. పీహెచ్ 5.0 (శాంపిల్ తీసినచోట చూసినది). కేఓహెచ్ వాసన: ఉంది. వెట్ మౌంట్ 10.40కి చూశాం: క్లూ సెల్స్ వంద ఎపిథీలియల్ కణాలకి 35, పస్ సెల్స్ ఎపిథీలియల్ కణాల కంటే తక్కువ, ట్రైకోమొనాస్ కనపడలేదు. కేఓహెచ్: ఈస్ట్, సూడోహైఫే కనపడలేదు. గ్రామ్, నుజెంట్ స్కోరు 8 (లాక్టోబాసిల్లై 4, చిన్న కర్రలు 4, వంకర కర్రలు 0). బ్యాక్టీరియల్ వజైనోసిస్‌కి సరిపోతుంది. కల్చర్ అవసరం లేదు.’

సమయాలు రెండూ తప్పకుండా ఉండాలి. సమయం లేని స్లిప్పు వస్తే ఫోన్ చేసి అడిగి నువ్వే రాసుకో. స్వాబ్‌లు పసుపు సంచిలోకి, స్లైడులు 1 శాతం హైపోక్లోరైట్‌లో అరగంట ఉంచాక నీలం డబ్బాలోకి.

గైనిక్_అరండల్‌పేట

శాంపిల్ స్లిప్పులో కూడా నాలుగు గడులు అచ్చు వేయించి నర్సింగ్ హోములకి ఇవ్వండి: వయసు, చివరి నెలసరి తేదీ, లోపల వాడిన మందు, పీహెచ్. గడి ఉంటే నింపుతారు. పీహెచ్ పట్టీలు కూడా స్లిప్పుల కట్టతో పాటు ల్యాబే పంపితే ఇంకా మంచిది. ఒక్కో డబ్బా పంచుకుని కత్తిరించి వాడుకోవచ్చు, వేలి గోరంత ముక్క చాలు.

కృష్ణలంక_బెంచి

గడులు రేపే అచ్చుకి ఇస్తాను మేడమ్. పట్టీ ముక్కలు కత్తిరించి పంపితే ఉక్కకి పాడవవా?

నాణ్యత_బెంచి

సిలికా పొట్లం వేసిన చిన్న మూత సీసాలో పదేసి ముక్కలు పెట్టి పంపండి. సీసా మీద తెరిచిన తేదీ రాయమనండి. నెల దాటితే మార్చండి.